దవడ సవరణ శస్త్రచికిత్స

దవడ సవరణ శస్త్రచికిత్స అనగా పై దవడ, కింది దవడ, చుబుకం ఎముకలను అవసరాన్ని బట్టి కోసి, సరియైన స్థానానికి జరిపి, తిరిగి బిగించే శస్త్రచికిత్స. వైద్యశాస్త్రంలో దీనిని ఆర్థోగ్నాథిక్ శస్త్రచికిత్స అంటారు. పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానితో ఒకటి కలవకపోవడం, నమలడంలో ఇబ్బంది, నిద్రలో శ్వాస ఆగిపోవడం, ముఖం ఒక పక్కకు వంకరగా ఉండటం వంటి సమస్యలకు ఈ చికిత్స చేస్తారు. ముఖ ఇంప్లాంట్లు దీనికి భిన్నమైనవి. ఇందులో ఎముకను కదపరు. ఎముక మీద సిలికోను వంటి పదార్థంతో చేసిన ముక్కను అమర్చి ముఖరేఖను మారుస్తారు. బయటకు రెండింటి ఫలితం ఒకేలా కనిపించవచ్చు గాని లోపల జరిగే పని వేరు. మొదటిది పళ్ళ కలయికను మారుస్తుంది, రెండవది మార్చదు. ఈ రెండింటిలో ఏది అవసరమో, అసలు ఏదైనా అవసరమో కాదో తేల్చుకోవడానికి ఈ తేడాయే ఆధారం.

పేరు

గ్రీకు భాషలో 'ఆర్థోస్' అనగా తిన్నని, 'గ్నాథోస్' అనగా దవడ. సంస్కృతంలో దవడకు 'హనువు' అని పేరు. ఇంద్రుని వజ్రాయుధపు దెబ్బకు హనువు చెదిరినందున ఆంజనేయుడికి హనుమంతుడనే పేరు వచ్చిందని రామాయణ కథ. ఆ శబ్దాన్ని అనుసరించి పై దవడను ఊర్ధ్వహనువు అని, కింది దవడను అధోహనువు అని అనవచ్చును. ఈ వ్యాసంలో వాడుకలో ఉన్న పై దవడ, కింది దవడ అనే మాటలే వాడబడినవి.

'ఇంప్లాంటు' అనే మాట విషయంలో కొంత గందరగోళం ఉన్నది. హైదరాబాదులోని దంతవైద్యశాలల బోర్డుల మీద కనిపించే ఇంప్లాంట్లు ఊడిపోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలోనికి బిగించే టైటానియం మరలు. ఈ వ్యాసంలో చెప్పిన ముఖ ఇంప్లాంట్లు అవి కావు.

పళ్ళ కలయిక, దవడ లోపాలు

నోరు మూసినపుడు పై ముందు పళ్ళు కింది ముందు పళ్ళను 2, 3 మిల్లీమీటర్ల మేర కప్పుతూ వాటికి కొద్దిగా ముందు ఉండటం సాధారణ స్థితి. దవడ పళ్ళు ఒకదాని గుంటలో మరొకటి కుదురుకోవాలి. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో ఈ కలయికను మూడు తరగతులుగా విభజించాడు. మొదటి తరగతి సాధారణమైనది. రెండవ తరగతిలో కింది పళ్ళు వెనుకకు, మూడవ తరగతిలో ముందుకు ఉంటాయి. నేటికీ ఈ విభజనయే వాడుకలో ఉన్నది. అయితే యాంగిల్ చూసినది పళ్ళను మాత్రమే. పళ్ళు తప్పుగా కలవడానికి కారణం పళ్ళే కావచ్చు, లేదా వాటిని మోసే ఎముక కావచ్చు. మన వాడుకలో 'ఎత్తుపళ్ళు' అనే ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోయాయి. పళ్ళు మాత్రమే ముందుకు వాలి ఉంటే క్లిప్పులతో వెనుకకు తేవచ్చును. పై దవడ ఎముకయే ముందుకు పెరిగి ఉన్నా, కింది దవడ పెరగక వెనుకబడి ఉన్నా, క్లిప్పులు చేయగలిగినది కొద్దిమేరకే.

ఎముకకు సంబంధించిన లోపాలలో ముఖ్యమైనవి కింది దవడ పొట్టిగా ఉండటం, అతిగా పెరగడం, పై దవడ లోపలికి ఉండటం, పై దవడ నిలువుగా ఎక్కువ పెరిగి నవ్వినపుడు చిగుళ్ళు బాగా కనిపించడం, వెనుక పళ్ళు కలిసినా ముందు పళ్ళ మధ్య ఖాళీ మిగిలిపోవడం, ఒక వైపు దవడ రెండవ వైపుకంటె ఎక్కువ పెరగడం. స్పెయిన్ రాజు రెండవ చార్లెస్‌తో సహా హాబ్స్‌బర్గ్ రాజవంశీకుల చిత్రపటాలలో ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ తరతరాలుగా కనబడుతుంది. ఇది వంశపారంపర్యానికి తరచుగా ఇచ్చే ఉదాహరణ.

కారణాలు

చాలామందిలో ఇది తల్లిదండ్రుల నుండి వచ్చిన పోలికయే. ఎక్కువ కాలం బొటనవేలు చీకడం, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చడం పిల్లలలో దవడ పెరుగుదలను కొంతవరకు మార్చగలవు.

మన దేశంలో ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది దవడ కీలు బిగుసుకుపోవడం. చిన్నతనంలో మెట్ల మీదనుండో మంచం మీదనుండో పడి గడ్డానికి దెబ్బ తగిలినపుడు, చెవి ముందున్న దవడ కీలులో ఎముక చిట్లవచ్చును. గడ్డం మీద రెండు కుట్లు వేసి ఇంటికి పంపితే లోపలి గాయం ఎవరికీ తెలియదు. చెవిలో చీము పట్టి అది కీలుకు పాకినా ఇదే జరుగుతుంది. క్రమంగా కీలు పుర్రె ఎముకతో అతుక్కుపోతుంది, నోరు తెరుచుకోదు. కింది దవడ పెరుగుదలలో ఈ కీలుకు ముఖ్యపాత్ర ఉన్నందున అక్కడితో దవడ ఎదగడం కుంటుపడుతుంది. పిల్లవాడు పెద్దవాడయ్యేసరికి గడ్డం గొంతువైపు జారినట్లు ఉంటుంది, గాలి మార్గం ఇరుకై నిద్రలో గురక, ఊపిరి ఆగడం మొదలవుతాయి. ఇటువంటి వారికి ముందుగా కీలును విడదీసి నోరు తెరిపించాలి. దవడను పొడిగించడం తరువాతి సంగతి.

రెండవది గ్రహణమొర్రి. గర్భిణి గ్రహణాన్ని చూడటం వలన బిడ్డకు పెదవి చీలుతుందనే నమ్మకం నుండి ఈ పేరు వచ్చింది. గర్భం దాల్చిన తొలి వారాలలో ముఖభాగాలు పూర్తిగా కలవకపోవడం దీనికి కారణం గాని గ్రహణం కాదు. పసితనంలో పెదవికి, అంగిలికి చేసిన శస్త్రచికిత్సల మచ్చలు కూడా పై దవడ ఎదుగుదలను అడ్డుకుంటాయి. అందువలన వీరిలో కొందరికి యుక్తవయసు వచ్చాక పై దవడను ముందుకు జరిపే చికిత్స అవసరమవుతుంది.

చరిత్ర

దవడ ఆకారాన్ని సరిచేయడానికి చేసిన తొలి శస్త్రచికిత్సగా 1849లో అమెరికాలోని వీలింగ్ నగరంలో సైమన్ హల్లిహెన్ ప్రకటించిన చికిత్సను పేర్కొంటారు. చిన్నప్పుడు మెడ కాలిన ఒక యువతికి ఆ మచ్చ బిగిసి కింది దవడను ముందుకు లాగివేసింది. అతడు దవడలో ఒక ముక్క తీసి వెనుకకు జరిపాడు. ఈ విద్య అద్దంలో అందం కోసం మొదలు కాలేదు, కాలిన గాయంతో మొదలైంది.

ఫ్రాన్సు వైద్యుడు రెనే లె ఫోర్ట్ 1901లో శవాల ముఖాలపై దెబ్బలు వేసి, పై దవడ ఎప్పుడూ కొన్ని నిర్దిష్ట గీతల వెంబడే విరుగుతుందని కనుగొన్నాడు. అందులో అన్నిటికంటె కింద ఉన్న గీత 'లె ఫోర్ట్ 1'. తరువాతి తరాల వైద్యులు అదే గీత వెంట పై దవడను కావాలనే కోయడం నేర్చుకున్నారు. జర్మనీలో మార్టిన్ వాస్‌మండ్ 1927లో ఈ ప్రయత్నం చేశాడు.

ఆధునిక పద్ధతికి ఆద్యుడు ఆస్ట్రియాలో పుట్టి స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో పనిచేసిన హ్యూగో ఒబ్వెగేసర్. నోటి లోపలినుండే కింది దవడను రెండు పలకలుగా చీల్చి జరిపే పద్ధతిని ఇతడు 1955లో ప్రచురించాడు. దీని వలన ముఖం మీద మచ్చ పడదు. చీల్చిన పలకలు ఒకదాని మీద ఒకటి జారుతాయి కనుక ఎముకలు వెడల్పుగా ఆనుకొని త్వరగా అతుకుతాయి. 1961లో దాల్ పాంట్ దీనిని మెరుగుపరచాడు. 1970లో ఒబ్వెగేసర్ రెండు దవడలనూ ఒకే విడతలో జరపడాన్ని ప్రకటించాడు. పూర్తిగా విడదీసిన పై దవడకు రక్తం ఎలా అందుతుందనే సందేహాన్ని అమెరికాలో విలియం బెల్ కోతులపై చేసిన ప్రయోగాలు తీర్చాయి. అంగిలి, చిగుళ్ళ మెత్తటి కండ నుండి వచ్చే రక్తమే ఎముకను బ్రతికించగలదని తేలింది. ఆ తరువాత చిన్న లోహపు ప్లేట్లు, స్క్రూలు రావడంతో, అంతకుముందు వారాల తరబడి దవడలను తీగలతో కట్టి ఉంచే అవసరం చాలా తగ్గింది.

నిర్ణయానికి ముందు

మొదటి షరతు ఎదుగుదల ఆగడం. ఆడపిల్లలలో మగపిల్లలకంటె ఇది ముందుగా ఆగుతుంది. ముందుకు పెరిగే కింది దవడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆరు నెలలు లేదా ఏడాది ఎడంతో తీసిన ఎక్స్‌రేలను పోల్చి, పెరుగుదల నిలిచిందని తేలిన తరువాతనే కోత పెట్టాలి. తొందరపడితే దవడ మళ్ళీ పెరిగి పళ్ళు మళ్ళీ విడిపోతాయి.

తలను పక్కనుండి తీసే ప్రత్యేక ఎక్స్‌రేను సెఫలోగ్రామ్ అంటారు. దాని మీద గీతలు గీసి కోణాలు కొలుస్తారు. పుర్రె అడుగు భాగంతో పోల్చితే పై దవడ 82 డిగ్రీలు, కింది దవడ 80 డిగ్రీలు, రెండింటికీ తేడా 2 డిగ్రీలు ఉండాలన్నది స్టైనర్ 1953లో ఇచ్చిన లెక్క. ఇది పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ ఉన్నది. గమనించవలసినదేమంటే స్టైనర్ లెక్క గాని, అంతకుముందు 1948లో డౌన్స్ ఇచ్చినది గాని అమెరికాలోని తెల్లజాతి ముఖాల నుండి వచ్చినవి. తెలుగువారితో సహా దక్షిణ భారతీయులలో రెండు దవడల ముందు పళ్ళూ, పెదవులూ కొంత ముందుకు ఉండటం సర్వసాధారణం. తాత, తండ్రి, మేనమామ అందరి ముఖాలూ అలాగే ఉండి, అందరూ బాగా నమిలి తింటూ ఉంటే, కాగితం మీద రెండు డిగ్రీలు ఎక్కువ రావడం వ్యాధి కాదు. భారతీయుల కొలతలతో పోల్చకుండా 'మీ దవడ ముందుకు ఉన్నది' అని చెప్పడం తగదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అద్దం, ఫోటో కూడా కొలతలే, కాని నమ్మదగినవి కావు. మొబైలు కెమెరాతో 12 అంగుళాల దూరం నుండి తీసుకున్న ఫోటోలో ముక్కు, 5 అడుగుల దూరం నుండి తీసినదానికంటె సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన లెక్కగట్టింది. కెమెరాకు దగ్గరైన భాగం పెద్దదిగాను, దూరమైన భాగం చిన్నదిగాను కనిపించడం దీనికి కారణం. ముఖంలో ఇతరులకు కనిపించని, లేదా అతి స్వల్పమైన లోపం గురించి రోజులో గంటల తరబడి బాధపడటం ఒక మానసిక రుగ్మత. దీనిని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. ఇటువంటి వారు శస్త్రచికిత్స తరువాత సాధారణంగా తృప్తి చెందరు, బాధ ముఖంలో మరొక భాగానికి మారుతుంది. అందువలన అనుమానం ఉన్నచోట మానసిక వైద్యుని సలహా తీసుకోవడం పరీక్షలలో భాగమే గాని అవమానం కాదు.

చికిత్స జరిగే విధానం

సాధారణంగా ముందు ఒక ఏడాది నుండి ఏడాదిన్నర వరకు పళ్ళకు క్లిప్పులు వేస్తారు. ఈ దశలో చాలామంది నిరుత్సాహపడతారు. ఎందుకంటే దవడ లోపాన్ని కప్పిపుచ్చడానికి ఏళ్ళ తరబడి పక్కకు వాలిన పళ్ళను ఇప్పుడు వాటి ఎముక మీద నిటారుగా నిలబెడతారు. దానితో లోపం ముందుకంటె ఎక్కువగా బయటపడుతుంది. ఇది చికిత్స చెడిపోవడం కాదు, ఎముకను జరపడానికి చోటు చేయడం. కొందరికి శస్త్రచికిత్స ముందు చేసి, క్లిప్పులు తరువాత వేసే పద్ధతి కూడా ఉన్నది. అది అందరికీ కుదరదు.

శస్త్రచికిత్సకు పూర్తి మత్తు అవసరం. నోటిలో పని చేయాలి గనుక శ్వాస గొట్టాన్ని ముక్కు ద్వారా పంపుతారు. కోతలు నోటి లోపలే ఉంటాయి. పై దవడను లె ఫోర్ట్ 1 గీత వెంట విడదీస్తారు, కింది దవడను రెండు వైపులా పలకలుగా చీలుస్తారు. ముందే తయారుచేసిన ప్లాస్టిక్ పలకను పళ్ళ మధ్య ఉంచి, దాని గుంటల ప్రకారం దవడలను నిలిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. చుబుకం ఎముకను మాత్రమే కోసి ముందుకో వెనుకకో జరపడాన్ని జీనియోప్లాస్టీ అంటారు. ఎముకలను కొద్దికొద్దిగా రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ, మధ్యలో కొత్త ఎముక పెరిగేలా చూసే పద్ధతి మరొకటి. రష్యాలో ఇలిజరోవ్ కాళ్ళ ఎముకలకు వాడిన ఈ పద్ధతిని 1992లో మెకార్తీ పిల్లల కింది దవడకు వాడి ఫలితాలు ప్రకటించాడు. దవడ బాగా పొట్టిగా ఉన్నవారికి ఇది ఉపయోగకరం.

కోలుకోవడం

వాపు రెండవ, మూడవ రోజులలో అత్యధికంగా ఉంటుంది. ఎక్కువ భాగం రెండు మూడు వారాలలో తగ్గినా, ముఖం తుది రూపానికి రావడానికి ఆరు నెలల నుండి ఏడాది పట్టవచ్చును. ఎముక అతుకుపడటానికి సుమారు ఆరు వారాలు కావాలి. మొదటి రెండు వారాలు ద్రవాహారమే తీసుకోవాలి. రాగి జావ, పలుచని గంజి, పప్పుకట్టు, పాలు, మజ్జిగ, వడకట్టిన పండ్లరసాలు ఇందుకు తగినవి. ఆ తరువాత మెత్తగా పిసికిన పెరుగన్నం, నానిన ఇడ్లీ వంటివి. పచ్చడి కారం నోటిలోని కుట్లకు మంట పుట్టిస్తుంది. చాలామంది కొన్ని కిలోల బరువు తగ్గుతారు. పొగత్రాగడం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. గుట్కా, జర్దా అలవాటు ఉన్నవారికి నోటి లోపలి పొర బిగిసి నోరే సరిగా తెరుచుకోకపోవచ్చు, అప్పుడు శస్త్రచికిత్సయే కష్టమవుతుంది.

పరీక్షలు లేని సెలవులు చూసుకొని శస్త్రచికిత్స చేయించుకోవడం విద్యార్థులలో సాధారణం. పెళ్ళి ముహూర్తానికి నెల ముందు చేయించుకోవడం మాత్రం తగదు. ముహూర్తం నాటికి వాపు పూర్తిగా పోదు, పెదవి తిమ్మిరి మిగిలి ఉండవచ్చు, క్లిప్పులు నోటిలోనే ఉంటాయి.

ముఖ ఇంప్లాంట్లు

వీటిని ఎక్కువగా చుబుకానికి, చెంప ఎముకలకు, కింది దవడ వెనుక మూలలకు, ముక్కు పక్కనున్న పల్లానికి వాడతారు. పదార్థాన్ని బట్టి గుణాలు మారతాయి. సిలికోను నునుపైనది. శరీరం దాని చుట్టూ ఒక పొర కడుతుంది. అవసరమైతే సులువుగా తీయవచ్చును, కాని సరిగా బిగించకపోతే జరుగుతుంది. కాలక్రమంలో చుబుకపు సిలికోను కింద ఎముక అరిగిపోవడం 1960ల నుండీ తెలిసినదే. సన్నని రంధ్రాలు గల పాలిథీన్ రకంలోనికి శరీర కణజాలం పెరిగి గట్టిగా పట్టుకుంటుంది. అది జరగదు గాని, చీము పడితే తీయడం కష్టం. పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తోను, టైటానియంతోను రోగి సీటీ స్కాన్ ఆధారంగా ముఖానికి సరిపడేలా చేసే ఇంప్లాంట్లు ఇటీవలి కాలపువి. ప్రమాదాలలో, కేన్సరు చికిత్సలో ఎముక పోగొట్టుకున్న వారికి ఇవి ఎంతో మేలు చేశాయి. ఇంప్లాంటుకు బదులు తుంటి లేదా పక్కటెముక నుండి తీసిన సొంత ఎముకను కూడా వాడతారు. భారతదేశంలో ఇటువంటి పరికరాలు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల పరిధిలోనికి వస్తాయి. కనుక అమర్చిన వస్తువు తయారీదారు పేరు, బ్యాచ్ సంఖ్య గల చీటీని రోగి అడిగి తీసుకొని దాచుకోవాలి.

సూదితో ఎక్కించే హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్లను కూడా గడ్డం ఆకారం కోసం వాడుతున్నారు. వీటి ప్రభావం తాత్కాలికం. సూది పొరపాటున రక్తనాళంలోనికి పోతే చర్మం చచ్చిపోవడం, అరుదుగా చూపు పోవడం జరిగాయి. కాబట్టి 'ఆపరేషన్ లేదు' అనే మాటకు 'ప్రమాదం లేదు' అని అర్థం చేసుకోరాదు.

ఎముకను జరపడమా, ఇంప్లాంటా?

గడ్డం వెనుకబడి కనిపించే వ్యక్తి ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఇతని పళ్ళు చక్కగా కలుస్తూ, చుబుకం ఎముక మాత్రమే చిన్నదైతే, ఇంప్లాంటు గాని, జీనియోప్లాస్టీ గాని సరిపోతాయి. జీనియోప్లాస్టీలో సొంత ఎముకయే ముందుకు వస్తుంది, దానికి అంటుకొని ఉన్న నాలుక కండరాలు కూడా ముందుకు వచ్చి గొంతులో గాలి మార్గం కొంత వెడల్పు కాగలదు. పై భాగాన్ని ఎత్తు తగ్గించడం, పెంచడం కూడా సాధ్యమే. ఇంప్లాంటుకు కోత చిన్నది, కోలుకోవడం త్వరగా జరుగుతుంది, నచ్చకపోతే తీయవచ్చును.

అదే వ్యక్తికి కింది దవడ మొత్తం పొట్టిగా ఉండి, పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంటే, చుబుకం మీద ఇంప్లాంటు పెట్టడం వలన పక్కనుండి చూసేవారికి లోపం కనబడదు. నమలడం మాత్రం అలాగే ఉంటుంది. గురక ఉంటే గురక అలాగే ఉంటుంది. నిద్రలో ఊపిరి ఆగే వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో రెండు దవడలనూ ముందుకు జరపడం ఒక గుర్తింపు పొందిన చికిత్స, ఇంప్లాంటు ఆ పని చేయలేదు. పైగా కొన్నేళ్ళకు అతడు దవడ శస్త్రచికిత్సకే సిద్ధపడితే ముందు ఆ ఇంప్లాంటును తీసివేయవలసి రావచ్చు. ఆ వరుసలో రెండు శస్త్రచికిత్సల ఖర్చు, రెండు శస్త్రచికిత్సల నొప్పి మిగులుతాయి. ఇందుకు విరుద్ధమైన పొరపాటు కూడా ఉన్నది: పళ్ళు బాగా కలిసే వ్యక్తికి కేవలం ముఖరేఖ కోసం రెండు దవడలూ కోయడం. కొందరిలో దవడలను సరిచేసిన తరువాత మిగిలిన చిన్న లోటును ఇంప్లాంటుతో పూరిస్తారు, అది సమంజసమే.

ప్రమాదాలు

వీటిలో అందరూ తెలుసుకోవలసినది కింది పెదవి, గడ్డం మొద్దుబారడం. కింది దవడ ఎముక లోపలి గొట్టంలో ఒక నరం వెళుతుంది. దవడను చీల్చేది సరిగ్గా దాని పక్కనే. శస్త్రచికిత్స అయిన వెంటనే దాదాపు అందరికీ తిమ్మిరి ఉంటుంది. చాలామందిలో నెలల తరువాత తగ్గుతుంది, కొందరిలో కొంత భాగం శాశ్వతంగా మిగిలిపోతుంది. వయసు పెరిగిన కొద్దీ ఇది మిగిలే అవకాశం ఎక్కువ. పెదవి కదలిక బాగానే ఉంటుంది, స్పర్శ మాత్రమే తగ్గుతుంది. ఆహారం గడ్డానికి అంటినా తెలియకపోవడం, గడ్డం గీసుకునేటపుడు తెగినా తెలియకపోవడం వంటివి దీని ఫలితాలు. పళ్ళ కలయికతో బాధపడేవారు దీనిని సాధారణంగా సహించగలుగుతారు, లేని లోపానికి చికిత్స చేయించుకున్న వారికి ఇదే పెద్ద లోపమవుతుంది.

రక్తస్రావం, చీము, ఎముక అనుకున్నచోట కాక వేరొకచోట చీలడం, జరిపిన ఎముక కొంత వెనుకకు రావడం, పై దవడ జరిపినపుడు ముక్కు అడుగు వెడల్పు కావడం, దవడ కీలు ఎముక అరిగిపోవడం ఇతర సమస్యలు. ప్రాణాపాయం అరుదు. ఇంప్లాంట్లలో చీము పట్టడం, జరగడం, రెండు వైపులా సమానంగా లేకపోవడం ముఖ్యమైనవి.

మత్తుమందు, హైదరాబాదు

మత్తుమందు భద్రత చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫామ్ కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. క్లోరోఫామ్ ముందుగా శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా అనేది వాటి ప్రశ్న. శ్వాసను చూసుకుంటే చాలునని లారీ వాదించాడు, గుండెకూ ముప్పు ఉన్నదని తరువాత తేలింది. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి ఈ ప్రయోగాలలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా చెప్పుకుంటారు. ఆ కాలపు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయింది. దాని వారసురాలు ఉస్మానియా ఆసుపత్రి.

2024 ఫిబ్రవరిలో ఇదే నగరంలో పెళ్ళికి ముందు చిరునవ్వును తీర్చిదిద్దే చికిత్సకు ఒక దంత చికిత్సాలయానికి వెళ్ళిన యువకుడు మరణించాడు. మత్తుమందు మోతాదు మించిందని కుటుంబం ఆరోపించగా పోలీసులు కేసు నమోదు చేశారు. అది దవడ శస్త్రచికిత్స కాదు. అయినా చిన్న చికిత్స, పెద్ద చికిత్స అనే భేదం మత్తుమందుకు లేదన్నది ఆ ఘటనతో అందరికీ తెలిసివచ్చింది. దవడ శస్త్రచికిత్సకు పూర్తికాల మత్తు వైద్యుడు, రక్తనిధి అందుబాటు, రాత్రి పర్యవేక్షణ గల వార్డు ఉన్న ఆసుపత్రి కావాలి. దంత కుర్చీ మీద చేసే పని కాదిది.

సమ్మతి

2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, వైద్యుడు చికిత్స స్వభావం, దాని ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు, చేయించుకోకపోతే ఏమవుతుందన్నది రోగికి తగినంతగా చెప్పి సమ్మతి పొందాలి. ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి ప్రాణాపాయ పరిస్థితిలో తప్ప మరొక చికిత్సకు చెల్లదు. ఈ వ్యాస విషయానికి ఇది నేరుగా వర్తిస్తుంది. దవడ జరపడానికి సంతకం చేసిన రోగి మత్తులో ఉండగా 'అందం కోసం' చుబుకానికి ఇంప్లాంటు పెట్టడం ఆ సంతకం పరిధిలోనిది కాదు. పత్రం తెలుగులో అడిగే హక్కును వదులుకోరాదు.

పీర్జాదిగూడ పరిసరాలు

ఉప్పల్ దాటిన తరువాత వరంగల్ రహదారి మీద పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి వరకు పుట్టుకొచ్చిన కాలనీలలో చిన్న దంతవైద్యశాలలు చాలా ఉన్నాయి. క్లిప్పులు వేయించుకోవడానికి ఇవి దగ్గర. శస్త్రచికిత్స మాత్రం నగరంలోని పెద్ద ఆసుపత్రులలోను, దంత కళాశాలల ఆసుపత్రులలోను జరుగుతుంది. ప్రభుత్వ రంగంలో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో స్థాపించబడింది. అక్కడ క్లిప్పుల విభాగం, దవడ శస్త్రచికిత్స విభాగం ఒకే ప్రాంగణంలో ఉండటం సౌకర్యం.

ఈ దూరం వలన ఒక చిక్కు వస్తుంది. క్లిప్పులు వేసే వైద్యుడు ఇంటి దగ్గర, కోసే వైద్యుడు ఊరికి అవతల ఉంటే, ఇద్దరూ మొదటిరోజే కలిసి పథకం వేసుకోకపోవచ్చు. శస్త్రచికిత్స కోసం పళ్ళను కదిపే దిశ, శస్త్రచికిత్స లేకుండా సర్దుబాటు చేయడానికి కదిపే దిశ ఒకదానికొకటి వ్యతిరేకం. ఏడాది పాటు ఒక దిశలో కదిపి, తరువాత దవడ వైద్యుని వద్దకు పంపితే ఆ ఏడాది వృథా అవుతుంది, అనవసరంగా పళ్ళు పీకించుకొని ఉంటే అవి తిరిగి రావు. కాబట్టి మొదటి క్లిప్పు అతికించకముందే దవడ శస్త్రవైద్యుని రాతపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. ఈ వైద్యుడు దంతవైద్య పట్టా తరువాత నోరు, దవడ, ముఖ శస్త్రచికిత్సలో ఎం.డి.ఎస్. చేసినవాడై ఉండాలి, లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. చేసి ఈ పనిలో అనుభవం గలవాడై ఉండాలి. ఈ విధమైన చికిత్సలు ఏడాదికి ఎన్ని చేస్తారని అడగడం తప్పు కాదు.

ఖర్చు, పథకాలు, బీమా

ప్రైవేటు ఆసుపత్రులలో ఖర్చు ఒక దవడా రెండు దవడలా అన్నదానిని బట్టి, ప్లేట్ల రకాన్ని బట్టి, గది అద్దెను బట్టి చాలా మారుతుంది. క్లిప్పుల ఖర్చు సాధారణంగా వేరుగా ఉంటుంది. ప్లేట్లను మామూలుగా శాశ్వతంగా వదిలేస్తారు. చీము పట్టినా, బయటకు తగులుతున్నా తీయడానికి మరొక చిన్న శస్త్రచికిత్స కావాలి, ఆ ఖర్చు మొదటి అంచనాలో ఉండదు.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో గ్రహణమొర్రి, దవడ కీలు బిగుసుకోవడం వంటి వాటికి చోటు ఇచ్చారు. తెలంగాణలో దీని వార్షిక పరిమితిని 2023 డిసెంబరు 9న 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. అందం కోసం చేసే చికిత్సలు ఇందులోనికి రావు. నాచారం పారిశ్రామికవాడ కార్మికులకు అక్కడే ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నది, ఈఎస్ఐ అర్హతకు నెల వేతన పరిమితిని 2017 జనవరిలో 21,000 రూపాయలకు పెంచారు.

ప్రైవేటు ఆరోగ్య బీమాలో మినహాయింపుల పదజాలాన్ని బీమా నియంత్రణ సంస్థ 2019లో ఒకే తీరుగా మార్చింది. దాని ప్రకారం రూపాన్ని మార్చే శస్త్రచికిత్సకు బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, కేన్సరు తరువాత చేసే పునర్నిర్మాణానికి, లేదా ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పును తొలగించేందుకు వైద్యపరంగా అవసరమైన చికిత్సకు మాత్రం మినహాయింపు వర్తించదు. ఆ అవసరాన్ని చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించాలి. నిద్రలో ఊపిరి ఆగే వ్యాధి ఉన్నవారు రాత్రి నిద్ర పరీక్ష నివేదికను, నమలలేనివారు పళ్ళ అచ్చులను, సెఫలోగ్రామ్‌ను ఆ ధ్రువపత్రంతో జతచేసి, ఆసుపత్రిలో చేరకముందే బీమా సంస్థ అనుమతి కోరాలి.